అవ్వకు తెలుగు రాదు

దసరా సెలవుల్లో కరీంనగర్‌లో మా అమ్మీ ఇంట్లో కూర్చుని వరసగా మూడు సినిమాలు చూశాను. మూడూ మూడు దేశాలవి. ఒకదాంట్లో మంచు, ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో అడవి. కథ మాత్రం ఒక్కటే. తరతరాలుగా అడవిని, ఏటిని నమ్ముకుని బతికే వాళ్ళ ఊరికి సర్కారు బండి వస్తుంది. పిల్లలను ఎక్కించుకుంటుంది. తల్లి బండి వెనక పరుగెత్తుతుంది. పిల్లలను ఎక్కడో దూరాన ఒక బడిలో పెట్టి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, ఇంటి భాష మాట్లాడితే కొడతారు. అంతా మీ మంచికే అంటారు.

మూడోది అయిపోయేసరికి నా ముక్కు ఎర్రబడి ఉంది. అమ్మీ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి, "కౌన్ మర్ గయే గే?" అని గాబరాగా అడిగింది. ఎవరూ చనిపోలేదు, సినిమా చూస్తున్నానంటే, పండుగ సెలవులకు ఇంటికొచ్చి ఏడుపు సినిమాలు చూసేదాన్ని ఎక్కడా చూడలేదని తిట్టుకుంటూ పోయింది.

నేను తెలుగు పంతులమ్మను. ఉట్నూర్ అవతల, అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తాను. గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే సర్కారు బడి అది. తుర్కోళ్ళ ఆడపిల్ల తెలుగు పద్యాలు చెప్పడమేమిటని మొదట్లో అందరికీ వింతగా ఉండేది. మా పెద్దమేడం ఇప్పటికీ ఎవరికైనా నన్ను చూపించి "మా తెలుగు మేడం" అని ఒక్క క్షణం ఆగుతుంది, వాళ్ళ ముఖాలు చూడటానికి. నేనూ వాళ్ళ ముఖాలే చూస్తాను. మాకు అదొక వినోదం.

మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, వాకిలి దాటితే తెలుగు. నాకు రెండూ అన్నం, రొట్టె లాంటివే, ఏది దొరికితే అది తింటాను. భాష పోవడమంటే ఏమిటో నాకు మా బిడ్డ పెద్దదయ్యేదాకా తెలియలేదు. అది కరీంనగర్‌లో అమ్మీ దగ్గర ఉండి ఇంగ్లీషు బడిలో చదువుతుంది. అమ్మీ దక్కనీలో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. పాపం అమ్మీ అర్థమైనట్టు తల ఊపుతుంది. తరువాత నాకు ఫోన్ చేసి, "క్యా బోలీ గే వో?", ఏమందే అది, అని అడుగుతుంది. ఉట్నూర్ అవతల కూర్చుని నేను ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి చెబుతాను.

సినిమాకు కథ చెప్పడం మాత్రం నాకు మా నాన్న, అబ్బా దగ్గర్నుంచి వచ్చింది. ఆయనకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆదివారం పొద్దున ఆటకు ఇంగ్లీషు సినిమా వేస్తే, నేల టికెట్ కొనుక్కుని, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళకు కథ చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బొమ్మను చూసి కథ అల్లేవాడు. ఆయన కథల్లో తల్లులు చచ్చిపోయేవాళ్ళు కాదు. తెర మీద శవపేటిక దించుతున్నా సరే, "గా పెట్టెల బంగారం ఉన్నది, దాచిపెడుతుండ్రు. తల్లి దవాఖానల మంచిగుంది" అనేవాడు. ఇదేం అబద్ధం అబ్బా అని పెద్దయ్యాక అడిగితే, "బాజూ మే బైఠే సో ఆద్మీ కా మూ దేఖ్ కే కహానీ బోల్నా" అన్నాడు. పక్కన కూర్చున్నవాడి ముఖం చూసి కథ చెప్పాలట. ఒళ్ళో ఉన్నది నేనే కదా, అందుకని తల్లులు బతికిపోయారు.

బడి తెరిచాక ఆ మూడింట్లో మంచుదేశం సినిమాను మా పిల్లలకు చూపించాలనిపించింది. మా బడిలో హాలు గోడకు ఒక పెద్ద టీవీ ఉంది. నేను మైకు పట్టుకుని తెలుగులో చెబుతాను, పెద్దపిల్లలకు అది చాలు. లోపలి గూడేల నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్లలకు తెలుగు ఇంకా అందదు. వాళ్ళ కోసం నా మాట వెనకే గోండిలో చెప్పే పని తొమ్మిదో తరగతి పిల్లది.

ఆ పిల్ల మా బడికి నోరు. నర్సమ్మ వచ్చి ఎవరికి కడుపునొప్పి అంటే ఈ పిల్లనే పిలుస్తాం. ఎవరి తల్లిదండ్రులు వచ్చినా ఈ పిల్లనే పిలుస్తాం. తలకు నూనె దట్టంగా పెట్టి, జడ బిగించి, గడగడా రెండు వైపులా మాట్లాడుతుంది. చదువులో ముందుంటుంది. పెద్దయ్యాక ఏమవుతావే అని ఎన్నిసార్లు అడిగినా, "ఏమో మేడం" అని భుజాలెగరేస్తుంది. అంత నోరున్న పిల్ల ఆ ఒక్క ప్రశ్నకే మూగదైపోతుంది.

మా దగ్గర తల్లిదండ్రులు ఆదివారాలు వస్తారు. జీపుల్లో కిక్కిరిసి వచ్చి, వరండా పొడవునా కూర్చుని, మూటలు విప్పి పిల్లలకు జొన్నరొట్టెలో ఇప్పపువ్వు లడ్డూలో తినిపించి, సాయంత్రం అదే జీపుల్లో పోతారు. ఆ ఆదివారం ఈ పిల్ల తల్లి వచ్చింది. చిన్న మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు. ఆమెను నేను చాలాసార్లు చూశాను, కానీ నాతో ఒక్క తెలుగు మాట ఆడి ఎరగదు. "రామ్ రామ్" అని దండం పెట్టి, ఇక బిడ్డ వైపు తిరుగుతుంది. "అవ్వకు తెలుగు రాదు మేడం" అంటుంది బిడ్డ. తల్లిని వాళ్ళు అవ్వ అంటారు. నేనేమో చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఆమెతో గట్టిగా అరుస్తూ మాట్లాడేదాన్ని. అరిస్తే భాష వస్తుందా? అయినా అరిచేదాన్ని.

ఆ రోజు ఆమె చేతిలో మూట లేదు. నా ముందు నిలబడి గోండిలో చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు కానీ ముఖం గట్టిగా ఉంది.

"ఏమంటుంది మీ అవ్వ?" అన్నాను.

"దండారికి రమ్మంటుంది మేడం. రెండు దినాలు లీవియ్యమంటుంది."

"అంతసేపు మాట్లాడింది, గింతేనా?"

"మా బాస లాంబ ఉంటది మేడం" అంది పిల్ల, కళ్ళు దించుకుని.

దండారి గోండుల పండుగ. దీపావళి ముందు ఊరూరా ఆటపాటలు. నెమలి ఈకల టోపీలు పెట్టుకున్న గుస్సాడీ ఆటగాళ్ళను ముందుపెట్టుకుని ఒక ఊరి వాళ్ళు ఇంకో ఊరికి చుట్టాలుగా పోతారు, ఆడతారు, తింటారు, మళ్ళీ వాళ్ళను తమ ఊరికి పిలుచుకుంటారు. రోజుల తరబడి సాగుతుంది. మా బడికి దీపావళి సెలవు ఒక్కరోజే. అందుకని ఏటా ఈ రోజుల్లో లీవు కోసం కొట్లాటలు మాకు మామూలే. చూద్దాంలే అని చెప్పి వంటింటి వైపు వచ్చాను.

వంట చేసే ఆయమ్మ గోండు మనిషే. చేతిలో గరిటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"రెండు దినాలు కాదు మేడం" అంది. "పిల్లను పెట్టెతోని తీసుకపోనీకి వచ్చింది. ఇగ బడి వద్దంటున్నది."

నాకు ఒళ్ళు మండింది. "మంచిగ చదివే పిల్ల. పదో తరగతి ముందట పెట్టుకుని గిదేం పని?"

"దసరాకు ఇంటికి పోయిందిగద. నాయనమ్మ యేర్ ఇయ్యి బిడ్డా అన్నదంట. యేర్ అంటే నీళ్ళు. ఇది తెలుగుల జవాబిచ్చిందంట. ముసలామెకు తెలుగు రాదు. తమ్మునితోని తెలుగు, ఫోనుల తెలుగు. తల్లితోని ఒకటి రెండు మాటలు గోండి, అంతే. ఇంట్ల సుట్టం లెక్క కూసున్నదంట. గదే అంటున్నది తల్లి. బడికి తోలిన గని బిడ్డను ఇచ్చెయ్యలే అంటున్నది."

"గది ఈ పిల్ల నాకు చెప్పలేదు."

"ఎట్ల చెప్తది మేడం? దానికి పోబుద్ధి లేదు."

కోపం అలాగే ఉంది కానీ ఎవరి మీద ఉండాలో నాకు తెలియలేదు. కరీంనగర్‌లో అర్థం కాకుండానే తల ఊపే మా అమ్మీ కళ్ళ ముందు మెదిలింది. తల్లిని పిలిచి, పిల్ల చదువు పాడుచెయ్యకు అని నాలుగు మాటలు చెప్పాలంటే మధ్యలో మాట్లాడేది మళ్ళీ ఆ పిల్లే. ఆయమ్మను తోడు రమ్మంటే, తన బిడ్డను తను తీసుకుపోతానంటే మనమెవరం మేడం అని తిరిగి గంజి వార్చుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నం వాన మొదలైంది. పత్తి ఏరే రోజుల్లో ఆ వానేమిటో, వరండాలో ఉన్నవాళ్ళంతా ముఖాలు వేలాడేసుకుని హాల్లోకి వచ్చారు. పిల్లలు, తల్లులు, చంకలో పసివాళ్ళు. ఈ పిల్ల తల్లి కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె పక్కన బిడ్డ రేకుపెట్టె ఉంది. ఎవరో చిన్నపిల్లతో అప్పుడే తెప్పించుకుంది. వాన వెలిస్తే జీపు ఎక్కడమే తరువాయి.

"సినిమా మేడం, సినిమా" అని పిల్లలు మొదలుపెట్టారు. చూపిస్తానని చెప్పి పెట్టినదాన్ని నేనే. ఇంతకంటే తప్పు రోజు దొరకదని నాకు తెలుసు. పిల్లను తల్లికి దూరం చేసే బడి కథ, బడి నుంచి పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లి ముందు! వద్దులే, ఇంకోసారి అన్నాను. పెద్దమేడం గొడుగు దులుపుతూ వచ్చి, "పెట్టుండ్రి మేడం, గింతమందిని వానల ఏం చేద్దాం" అంది. ఆమెకు పెట్టె సంగతి తెలియదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆ పిల్ల వైపు చూశాను.

"చెప్తవానే?"

"చెప్త మేడం" అంది. గొంతు మామూలుగానే ఉంది. ఒక్కసారి పెట్టె వైపు చూసి, వచ్చి నా పక్కన నిలబడింది.

సినిమాలో మంచు కరిగిన ఒక పెద్ద ఏరు. ఒడ్డున పందిళ్ళ మీద చేపలు ఎండబెట్టుకునే ఊరు. ఒక తల్లి, ఆమె కూతురు. దుమ్ము రేపుకుంటూ సర్కారు లారీ వస్తుంది. తల్లి బిడ్డను ఎండుచేపల కింద దాచిపెడుతుంది. వాళ్ళు వెతికి బయటికి లాగుతారు. ఇక్కడి దాకా వచ్చేసరికి కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. ఎలాగో చెప్పాను. "సర్కారోళ్ళు పిల్లలను గుంజుకపోతుండ్రు. తల్లి వద్దు వద్దని ఉరుకుతుంది." పిల్ల మైకు అందుకుంది. నేను రెండు ముక్కలు చెబితే తను ఏడెనిమిది ముక్కలు చెప్పింది. చెయ్యి తిప్పుతూ, ఒకసారి గొంతు తగ్గించి, ఒకసారి పెంచి. వాళ్ళ భాష లాంబ, పొడుగు కదా అనుకున్నాను.

తల్లులు నోళ్ళు నొక్కుకున్నారు. ఒక ముసలామె మాత్రం మంచిదే అన్నట్టు తల ఊపింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ముందు వరసలో రెండు భాషలూ వచ్చిన పెద్దపిల్లలు ఒకరినొకరు పొడుచుకుని కిసుక్కుమన్నారు. నేను ముక్కు తుడుచుకున్నందుకు నవ్వుతున్నారనుకుని, "ఏడ్చే కాడ నవ్వుతారే, బుద్ధిలేదా" అని కసిరాను. మైకు దగ్గరి పిల్ల నాకంటే గుడ్లురిమి చూసింది వాళ్ళను. టక్కున నోళ్ళు మూశారు.

బడిలో పిల్లల జుట్టు కత్తిరిస్తారు. ఇంటి భాష మాట్లాడిన పిల్ల నోట్లో సబ్బుముక్క కుక్కుతారు. ఒక్కొక్కటీ నేను చెప్పడం, తను చెప్పడం. మొదట్లో నా వైపు చూసి, నా మాట పూర్తయ్యాక మొదలుపెట్టేది. రానురాను నా వైపు చూడటమే మానేసింది. తెర వైపు చూడలేదు. తల్లి వైపు చూస్తూ చెబుతోంది. తల్లి కూడా తెర వైపు చూడటం లేదు. స్తంభానికి ఆనుకుని, పెట్టె మీద చెయ్యి పెట్టుకుని, బిడ్డ నోటి వైపే చూస్తోంది.

ఆఖర్న కూతురు పెద్దదై ఏటి ఒడ్డుకు తిరిగొస్తుంది. తల్లి జుట్టు నెరిసిపోయి ఉంటుంది. తల్లి ఏదో అడుగుతుంది. కూతురికి ఆ మాట తెలియదు. మళ్ళీ అడుగుతుంది. కూతురు తల అడ్డంగా ఊపుతుంది. తల్లి ఇంకేమీ అడగకుండా ఎండుచేప తుంచి బిడ్డ చేతిలో పెడుతుంది. ఇద్దరూ ఏటి వైపు చూస్తూ కూర్చుంటారు. అంతే సినిమా. "తల్లి మాట బిడ్డకు తెలువలేదు" అని మాత్రం అనగలిగాను. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల మైకును రెండు చేతులతో పట్టుకుంది. తరువాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. తెర మీద బొమ్మ పోయి పేర్లు పడుతున్నా చెబుతూనే ఉంది. హాలంతా వింది.

వాన వెలిసింది. బయట జీపు హారన్ కొట్టింది. తల్లులు లేచి, పిల్లల తలలు నిమిరి, బురదలో చీరలు ఎత్తిపట్టుకుని గేటు వైపు నడిచారు. ఆమె కూడా లేచింది. బిడ్డ గోడకు అంటుకుని నిలబడి పెట్టెనే చూస్తోంది. ఆమె కొంగు సర్దుకుని, బిడ్డ దగ్గరికి పోయి గోండిలో ఏదో చెప్పింది. పిల్ల వంటింటి వైపు పరుగెత్తింది. ఆమె పెట్టెను అక్కడే వదిలేసి నా వైపు వచ్చింది.

"మేడం, జర గేటు దాక రా."

ఎవరు పిలిచారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

"నీకు తెలుగొస్తదా?" అన్నాను. ఇప్పుడు కూడా అరిచినట్టే అన్నాను.

"అంగట్ల పత్తి అమ్మేదాన్ని. తెలుగు రాకుంటే ఉట్నూర్ సేట్లు నన్ను బతకనిస్తరా?" అంది, నడుస్తూనే. "దాన్ని సంచి తెమ్మని తోలిన. సంచి లేదు, ఏం లేదు. అది దేవులాడి వచ్చేదాక మాట్లాడుకుందం."

నేను ఆమె వెంట నడిచాను.

"నువ్వు చెప్పింది ఒక గోష్ట మేడం. నా బిడ్డ చెప్పింది ఇంకో గోష్ట."

"ఇంకో కథనా? అంటే?"

"నువ్వు పిల్లలను గుంజుకపోయిండ్రంటివి. అది ఊర్లె పెద్దజరం వచ్చిందన్నది. పిల్లలు సచ్చిపోతరని సర్కారోళ్ళు దవాఖానకు తీసుకపోతుండ్రన్నది. నువ్వు వెంట్రుకలు కోసిండ్రంటివి. జరం తలకెక్కింది, అందుకే కోసిండ్రన్నది. నువ్వు నోట్ల సబ్బంటివి. గది మందంట. చేదున్నదని పిల్ల ఏడుస్తుందంట."

నాకు ఏడుపు ముఖంలోనే నవ్వొచ్చింది. ముందు వరస పిల్లలు ఎందుకు నవ్వారో, ముసలామె ఎందుకు తల ఊపిందో అప్పుడర్థమైంది. మా అబ్బా గుర్తొచ్చాడు. ఆయన ఉంటే ఈ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు.

"ఆఖరుకు?" అన్నాను.

"ఆఖరుకు గా పిల్ల పెద్ద డాక్టరమ్మ అయి ఊరికొచ్చిందంట. తల్లికి సంబురంతోని నోట మాట రాలేదంట. గందుకే ఇద్దరు సప్పుడుచెయ్యక కూసున్నరంట."

ఆమె ఆగింది. గేటు దగ్గర జీపు నిండుతోంది.

"బొమ్మ అబద్ధం చెప్పదుగద మేడం. గా తల్లి బండెనక ఉరుకుతుంటే నేను పెట్టెను దగ్గరికి గుంజుకున్న. గామెకు బిడ్డ పోయింది. బాస పోయింది. నాక్కూడ గదే భయముండె. గందుకే పెట్టె తీసుకపోనీకొచ్చిన. గని దాని నోరు చూస్తుంటి. మా అత్త మాటలు, మా బాపు దండారిల చెప్పే గోష్టల మాటలు, నేను మరిచిన మాటలు సుత దాని నోట్లెనే ఉన్నయి. బాస పోయినోళ్ళకు గంత మంచిగ అబద్ధం చెప్పస్తదా?"

రాదు అని తల ఊపాను.

"డాక్టర్ కావాల్నని ఉన్నట్టుంది దానికి" అంది ఆమె, ఈసారి మెల్లగా. "నాకెన్నడు చెప్పలే."

"నాక్కూడ చెప్పలేదు" అన్నాను. నిజమే. ఇన్నేళ్ళు అడిగినా నాకు దొరకని జవాబు అది. నా ముందే మైకులో చెప్పింది, నాకు రాని భాషలో.

"పెట్టె ఇక్కడనే ఉండని. దండారికి పంపు. రెండు దినాలు కాదు, దండారి అయిపోయేదాక. ఆడాలె, పాడాలె, ముసలామెకు నీళ్ళియ్యాలె. అటెంక నేనే తెచ్చి అప్పజెప్త."

ఇస్తానన్నాను. ఇవ్వడం నా చేతిలో లేదు, అయినా అన్నాను. పెద్దమేడంతో ఎంత కొట్లాడాల్సి వస్తుందో అప్పుడే లెక్కవేసుకున్నాను. ఆమె జీపు వైపు రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"మేడం, నాకు తెలుగొస్తదని దానికి చెప్పకు."

"ఎందుకు?"

"తెలిస్తే నాతోని సుత తెలుగులనే మాట్లాడుతది."

అంత మామూలుగా అంది ఆ మాట. ఎన్నేళ్ళ నుంచి ఆమె ఆ మౌనం పట్టుకుని ఉందో! బడిలో, దవాఖానలో, నా అరుపుల ముందు, అన్నీ అర్థమవుతూనే ఏమీ తెలియనిదానిలా నిలబడి, బిడ్డ నోట తన భాష పలికించుకుంటోంది. నేను ఆమె చేతులు పట్టుకున్నాను. అంతలో పిల్ల పరుగున వచ్చి గోండిలో ఏదో అంది. సంచి దొరకలేదని చెప్పినట్టుంది. తల్లి గోండిలో కసిరింది. జీపు ఎక్కింది. పెట్టె లేకుండా జీపు కదిలిపోతుంటే పిల్ల నమ్మలేనట్టు చూసింది. తరువాత ముఖం తిప్పుకుని, కళ్ళు తుడుచుకోవడం నాకు కనిపించకూడదని, జడ విప్పి మళ్ళీ అల్లుకుంది.

ఆ సాయంత్రమే పెద్దమేడంతో కొట్లాడాను. హాజరు తగ్గుతుందని ఆమె, తగ్గనీ అని నేను. ఈ ఒక్క పిల్లకిస్తే అందరూ అడుగుతారని ఆమె, అడగనీ అని నేను. నా గొంతుకు ఆఫీసు కిటికీలో పిచ్చుకలు లేచిపోయాయి. ఆఖరికి "నీతోని కాదు మేడం, ఇయ్యి" అంది. ఆమె మంచిదే, నా అరుపు భరించలేకపోయింది.

ఆ తల్లి తెలివి నాకు చాలా ఏళ్ళ కింద ఉంటే బాగుండేదనిపించింది. ఆ వారం మా బిడ్డ ఫోన్ చేసి ఇంగ్లీషులో ఏదో గడగడా చెబుతుంటే, నాకు అర్థం కాలేదు, దక్కనీలో చెప్పు అన్నాను. అటు నుంచి పకపకా నవ్వు. "యాక్టింగ్ మత్ కరో అమ్మీ" అంది, నటించొద్దని. దానికి ఇంగ్లీషు అక్షరాలు దిద్దించింది నేనే, ఇప్పుడు రాదంటే ఎవరు నమ్ముతారు? కానీ ఆ 'మత్ కరో' నాలుగు నెలల తరువాత వాన పడ్డట్టు అనిపించింది. ఇంకో రెండు మాటలు దక్కనీలో లాగాలని ఆ రోజు చాలాసేపు ఫోన్ పెట్టనివ్వలేదు.

దండారి అయిపోయింది. దీపావళి దాటింది. మిగతా పిల్లలంతా వచ్చారు, ఆ పిల్ల రాలేదు. రోజూ జీపు చప్పుడుకు పాఠం మధ్యలో కిటికీ వైపు చూసేదాన్ని. పెద్దమేడం ఏమీ అనలేదు కానీ, నేను ఎదురైనప్పుడల్లా గోడ మీది క్యాలెండర్ వైపు చూసేది. తల్లి మనసు మార్చుకుందేమో, మార్చుకుంటే నేనేం చెయ్యగలను, ఆమె బిడ్డ. అలా అనుకుంటూనే పిల్ల రేకుపెట్టె మీద దుమ్ము తుడిచి పెట్టాను.

ఒక పొద్దున ప్రార్థన అయిపోయే వేళకు తల్లీబిడ్డలిద్దరూ గేటు దగ్గర దిగారు. తల్లి చేతిలో మూట. బిడ్డ పాదాలు ఆడీ ఆడీ పగిలి ఉన్నాయి. పాడీ పాడీ గొంతు బొంగురుపోయింది. ముఖం మాత్రం కడిగిన ఇత్తడి చెంబులా ఉంది. నాకు పోయి వాటేసుకోవాలనిపించింది. దానికి బదులు ముఖం గంటు పెట్టుకుని వరండాలో నిలబడ్డాను.

"రామ్ రామ్" అంది తల్లి దండం పెడుతూ.

"రామ్ రామ్. ఎందుకింత లేటయిందో అడుగు మీ అవ్వను" అన్నాను పిల్లతో.

పిల్ల తల్లి వైపు తిరిగి గోండిలో అడిగింది. తల్లి జవాబు చెప్పింది. చాలాసేపు చెప్పింది. చేతులతో డోలు కొట్టినట్టు చూపించింది, మధ్యలో ముసలామె నడుం వంచి నడిచినట్టు నడిచింది, నవ్వింది. పిల్ల కూడా నవ్వబోయి, నన్ను చూసి ఆపుకుంది.

"ఏమంటుంది?"

"జీపు ఖరాబైందంట మేడం" అంది పిల్ల బొంగురు గొంతుతో, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

నేను తల్లి వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఇద్దరి ముఖాల మీదా ఈగ వాలినా కదలనంత గట్టిదనం.

"అట్లనా. జీపు ఖరాబైతే ఎవరేం చేస్తరు, ఫికర్ చెయ్యద్దని చెప్పు మీ అవ్వకు."

పిల్ల మళ్ళీ తల్లి వైపు తిరిగి, నేనన్న నాలుగు మాటలకు నలభై మాటలు చెప్పింది. తల్లి మూట కింద పెట్టి, కొంగు చెవి వెనక్కి దోపుకుని, మొదటిసారి వింటున్నట్టు ఆ మాటలన్నీ శ్రద్ధగా వింది.